డిస్‌ప్లే రాని ఆ మూడు రోజులు

"సార్, మా కంప్యూటర్ ఆన్ కావట్లేదు."

2001లో, ఫైనల్ ఇయర్ ప్రాజెక్టు రోజుల్లో, హార్డ్‌వేర్ ల్యాబ్ గుమ్మంలో నిలబడి నేనన్న మాట ఇది. మాస్టారు కుర్చీలోంచి లేవలేదు. "ఫ్యాన్ తిరిగిందామ్మా? బీప్ వచ్చిందా? మానిటర్ లైటు ఏ రంగులో ఉంది?" అని అడిగారు. ఒక్కదానికీ నా దగ్గర సమాధానం లేదు. నల్లటి స్క్రీన్ చూసి టెన్షన్‌తో పరిగెత్తుకొచ్చాను, అంతే. "వెళ్లి చూసి రా. దేన్నీ ముట్టుకోకు, ఊరికే చూడు" అన్నారు.

సంచికకు ఏదైనా రాయమని కబురు వచ్చినప్పుడు నాకు ముందుగా గుర్తొచ్చింది ఆ ల్యాబే. ఇరవై ఏళ్లకు పైగా కంప్యూటర్ల మధ్యే బతుకుతున్నాను. ఆ మూడు రోజుల్లో నేర్చుకున్నంత మళ్లీ ఏ మూడు నెలల్లోనూ నేర్చుకోలేదు.

మేం ముగ్గురం కలిసి విడిభాగాలు పోగేసి ఆ కంప్యూటర్ తయారుచేశాం. మదర్‌బోర్డు కొత్తది. కేబినెట్, అందులో కరెంటు సరఫరా చేసే డబ్బా, అంటే ఎస్‌ఎంపీఎస్ మాత్రం సీనియర్లు వదిలేసి వెళ్లినవి. అన్నీ బిగించాం, కేబుళ్లు పెట్టాం, బటన్ నొక్కాం. మాస్టారు చెప్పినట్టు మళ్లీ వెళ్లి చూస్తే, ప్రాసెసర్ మీది ఫ్యాన్ పావు చుట్టు తిరిగి ఆగిపోతోంది. బీప్ లేదు. ఇంకోసారి నొక్కితే ఆ పావు చుట్టు కూడా లేదు. ప్లగ్ తీసి, కాసేపు ఆగి, మళ్లీ పెట్టి నొక్కితే మళ్లీ అదే పావు చుట్టు. వెళ్లి ఇదంతా చెప్పాను. ఆయన ముఖం వెలిగింది. "ఇప్పుడు చెప్పావు" అని లేచి బ్లాక్‌బోర్డు దగ్గరికి నడిచారు.

ఆ రోజు ఆయన గీసిన బొమ్మ ఇప్పటికీ నా కళ్లముందే ఉంది. ప్లగ్ పెట్టి ఉన్నంతసేపూ ఊదా రంగు వైరులో 5 వోల్టుల స్టాండ్‌బై కరెంటు బోర్డుకు అందుతూనే ఉంటుంది. మనం బటన్ నొక్కగానే బోర్డు ఆకుపచ్చ వైరును గ్రౌండ్‌కి కలుపుతుంది. అప్పుడు ఎస్‌ఎంపీఎస్ లేస్తుంది. 12, 5, 3.3 వోల్టుల లైన్లు నిలదొక్కుకున్నాక బూడిద రంగు వైరులో 'పవర్ గుడ్' అనే కబురు పంపుతుంది. ఆ కబురు అందేదాకా ప్రాసెసర్ రీసెట్‌లోనే, అంటే పని మొదలుపెట్టకుండా ఉంటుంది. అందిన తర్వాతే బోర్డు మీది చిప్‌లో ఉండే తొలి ప్రోగ్రాము, బయోస్‌లోని మొదటి ఆదేశాన్ని చదువుతుంది. తర్వాత ర్యామ్ ఉందో లేదో చూస్తుంది, వీడియో కార్డును లేపుతుంది, చివరగా బూట్ కావడానికి డిస్క్ వెతుకుతుంది. ఇదంతా ఒక వరసలో గీసి, "బూట్ కావట్లేదు అనేది జబ్బు పేరు కాదమ్మా. ఈ వరసలో ఎక్కడ ఆగిందో చెప్పు. ఎందుకు ఆగిందో తర్వాత చూద్దాం" అన్నారు.

ఫ్యాన్లు తిరుగుతూ బీప్ రాకపోతే ఒక చోట వెతకాలి. బీప్ వచ్చి బొమ్మ రాకపోతే ఇంకో చోట. బొమ్మ వచ్చి డిస్క్ దొరకలేదంటే మరో చోట. అవార్డ్ అనే కంపెనీ బయోస్ ఉన్న బోర్డు ఒక పొడుగు, రెండు పొట్టి బీపులు ఇస్తే వీడియో కార్డు సంగతి చూడమని. ఒకే ఒక్క పొట్టి బీప్ ఇస్తే అంతా బాగుందని. మా కంప్యూటర్ అంతదాకా రాలేదు. మొదటి మెట్టు దగ్గరే ఆగిపోయింది. ఫ్యాన్ కొంచెం కదిలి ఆగిందంటే ఎస్‌ఎంపీఎస్ లేవబోయింది, ఎక్కడో కరెంటు మోతాదు మించి లాగేస్తుంటే తనను తాను కాపాడుకోవడానికి ఆగిపోయింది. ప్లగ్ తీసి కాసేపు ఉంచితేగాని మళ్లీ ప్రయత్నించకపోవడం కూడా దాని గుర్తే.

రెండో రోజు మా ముగ్గురికీ గొడవ. పాతది కాబట్టి ఎస్‌ఎంపీఎస్సే పోయిందని ఒకడు. కొత్త బోర్డే డెడ్ అని ఇంకొకడు. నేను ఆ ఆవేశంలో ర్యామ్, వీడియో కార్డు రెండూ ఒకేసారి పీకి వేరేవి పెట్టేశాను. మాస్టారు చూశారు. కోప్పడలేదు. "ఇప్పుడిది లేచి ఉంటే, దేనివల్ల లేచిందని చెబుతావు?" అని అడిగారు. ఒక రూళ్ల నోట్‌బుక్ ఇచ్చి మధ్యలో గీత గీయించారు. ఎడమ పక్క 'ఏం మార్చాను', కుడి పక్క 'ఏం జరిగింది'. ఒక వరసకి ఒక్క మార్పే. అది రాశాకే ఇంకోదాని మీద చెయ్యి వెయ్యాలి. చేతిరాత పుస్తకంలా ఉండే ఆ పద్ధతి మొదట విసుగనిపించింది. సాయంత్రానికి మా గొడవ ఆగిపోయింది, ఎందుకంటే వాదించుకోవాల్సిన సంగతులన్నీ ఆ కాగితం మీదే తేలిపోయాయి.

ముందు ఎస్‌ఎంపీఎస్‌ని విడిగా పరీక్షించాం. బోర్డు నుంచి కనెక్టర్ తీసేసి, లోడు కోసం ఒక పాత హార్డ్ డిస్క్ తగిలించి, 20 పిన్నుల కనెక్టర్‌లో ఆకుపచ్చ వైరును పక్కనున్న నల్ల వైరుకు, అంటే గ్రౌండ్‌కి, చిన్న తీగతో కలిపాం. ఫ్యాన్ హాయిగా తిరిగింది. మల్టీమీటర్ పెడితే 12 వోల్టుల లైను 12.1 చూపించింది. అయిదు శాతం అటూ ఇటూ, అంటే 11.4 నుంచి 12.6 దాకా ఉంటే ఫర్వాలేదు. కాబట్టి పాతదైనా దాని తప్పు లేదు. ఒక్క విషయంలో మాత్రం మాస్టారు కచ్చితంగా ఉండేవారు. ఎస్‌ఎంపీఎస్ డబ్బా మూత ఎవరూ విప్పకూడదు. ప్లగ్ తీసినా లోపలి కెపాసిటర్లలో 300 వోల్టులకు పైగా నిలిచి ఉండొచ్చు. నేనూ నా దగ్గర పనిచేసేవాళ్లకి మొదటి రోజే ఈ మాట చెబుతాను, ఇందులో సడలింపు ఉండకూడదు.

మూడో రోజు పొద్దున్నే బోర్డును కేబినెట్‌లోంచి పూర్తిగా బయటికి తీయమన్నారు. అది వచ్చిన అట్టపెట్టె మీదే పరిచాం. ప్రాసెసర్, దాని ఫ్యాన్, ఒక్క ర్యామ్, వీడియో కార్డు, చిన్న స్పీకరు. అంతకు మించి ఏమీ లేవు, హార్డ్ డిస్క్ కూడా లేదు. బటన్ లేదు కదా, మరి ఎలా అన్నాను. ఆయన స్క్రూడ్రైవర్ మొనతో 'పవర్ స్విచ్' అని రాసి ఉన్న రెండు పిన్నుల్ని అలా తాకించి తీసేశారు. ఫ్యాన్ తిరిగింది, ఆగలేదు. రెండు సెకన్ల తర్వాత ఒక పొట్టి బీప్. మానిటర్ లైటు నారింజ నుంచి ఆకుపచ్చకి మారింది, ర్యామ్ లెక్కపెడుతున్న అంకెలు స్క్రీన్ మీద పరిగెత్తాయి. మేం ముగ్గురం కేకలు పెట్టాం.

మాస్టారు మాత్రం, "రాయండి. తర్వాత మళ్లీ కేబినెట్‌లో పెట్టండి" అన్నారు. పెట్టాం. మళ్లీ పావు చుట్టు తిరిగి ఆగింది.

ఇక మిగిలింది కేబినెట్టే. బోర్డు తీసి వెనక్కి తిప్పి కిటికీ వెలుగులో పట్టుకున్నారు. ఒక అంచుకి దగ్గరగా, స్క్రూ రంధ్రమే లేని చోట, ఆకుపచ్చ పూత మీద గుండ్రటి గీత ఉంది. కందిగింజంత. దాని పక్కన ఉన్న రెండు టంకం చుక్కలు మిగతావాటికన్నా మెరుస్తున్నాయి, ఏదో వాటికి రాసుకుంటున్నట్టు. అప్పుడు కేబినెట్ లోపలి పళ్లెం చూపించారు. బోర్డు ఇనుముకి తగలకుండా కింద బిగించే ఇత్తడి స్టాండాఫ్‌లు మాకు కావాల్సినవాటికన్నా ఒకటి ఎక్కువున్నాయి. సీనియర్ల పాత బోర్డుకి ఆ చోట రంధ్రం ఉండేది, మా కొత్తదానికి లేదు. ఆ అదనపు స్టాండాఫ్ బోర్డు వెనక టంకాన్ని నొక్కుతూ షార్ట్ చేస్తోంది. నోస్ ప్లయర్‌తో దాన్ని విప్పి నా అరచేతిలో పెట్టారు. చల్లగా ఉంది. మా మూడు రోజుల్ని తినేసింది ఆ చిన్న ఇత్తడి ముక్క.

అదృష్టం బాగుండి బోర్డు పాడు కాలేదు. ఎస్‌ఎంపీఎస్ ప్రతిసారీ ఆగిపోయి దాన్ని కాపాడింది. చెడిపోయిందని మేం తిట్టుకున్నది దాన్నే.

ఆ తర్వాత ఎన్నో మొండి కంప్యూటర్లు నా బల్ల మీదికి వచ్చాయి. ప్రాసెసర్‌కి విడిగా ఇచ్చే 12 వోల్టుల కేబుల్ పెట్టడం మర్చిపోతే ఫ్యాన్లన్నీ తిరుగుతాయి, బొమ్మ మాత్రం రాదు. గ్రాఫిక్స్ కార్డు పెట్టి, మానిటర్ కేబుల్‌ని ఆ కార్డుకి కాకుండా బోర్డుకి తగిలించినవాళ్లు ఉన్నారు. బోర్డు తయారైన తర్వాత వచ్చిన ప్రాసెసర్ పెడితే బయోస్ అప్‌డేట్ చేసేదాకా బోర్డు దాన్ని గుర్తుపట్టకపోవచ్చు. ప్రాసెసర్ సాకెట్‌లో ఒక్క పిన్ను వంగినా చాలు, ఒక ర్యామ్ స్లాటు మొత్తం పనిచేయకుండా పోవచ్చు. ఎవరు ఫోన్ చేసి "ఆన్ కావట్లేదు" అన్నా నా నోట మాస్టారి ప్రశ్నే వస్తుంది, ఫ్యాన్ తిరిగిందా అని.

కిందటేడు మా అబ్బాయి తన మొదటి కంప్యూటర్ తనే బిగించుకున్నాడు. కొత్త తరం డీడీఆర్5 ర్యామ్. ఇప్పటి చాలా బోర్డుల మీద నాలుగు చిన్న లైట్లు ఉంటున్నాయి, ప్రాసెసర్, ర్యామ్, వీడియో, బూట్ అని. వాటిని మొదటిసారి చూసినప్పుడు చాలాసేపు అలాగే నిలబడిపోయాను. మాస్టారు బ్లాక్‌బోర్డు మీద గీసిన వరస అది. వాడు బటన్ నొక్కాడు. ఫ్యాన్లు తిరిగాయి, స్క్రీన్ నల్లగా ఉంది, ర్యామ్ లైటు వెలిగి అలాగే ఉండిపోయింది. వాడి చెయ్యి అప్పటికే స్విచ్ మీదికి వెళ్లింది, ర్యామ్ పీకి మళ్లీ పెడదామని. నేను ఆ చెయ్యి పట్టుకున్నాను. డీడీఆర్5 బోర్డులు మొదటిసారి ఆన్ చేసినప్పుడు ర్యామ్‌తో తమ టైమింగులు కుదుర్చుకోవడానికి ఒక్కోసారి నిమిషాలు తీసుకుంటాయి. మధ్యలో కరెంటు తీసేస్తే ఆ పని మళ్లీ మొదటికొస్తుంది.

నోట్‌బుక్ తెచ్చి మధ్యలో గీత గీశాను. పెన్ను వాడికిచ్చాను. ఎడమ పక్క వాడు రాశాడు, "6:42. ఏమీ మార్చలేదు." కుడి పక్క, "ర్యామ్ లైటు. చూస్తున్నాం." ఇద్దరం కింద కూర్చున్నాం. కాసేపటికి వాడు లేచి రెండో వరస రాశాడు.

"6:46. ఏమీ మార్చలేదు. డిస్‌ప్లే వచ్చింది."