నిషేధం లేని సంగీతం

"మీ సంగీతాన్ని ఎవరూ నిషేధించలేదు కదా, మరి మీ పిల్లలు ఎందుకు మానేస్తారు?" అని నాతో పనిచేసే అఫ్గాన్ పెద్దాయన భోజనాల దగ్గర అడిగినప్పుడు నా మనసు చివుక్కుమంది. కాలిఫోర్నియాలోని ఈ ఫ్రీమాంట్‌లో మనవాళ్లకు శనివారం వస్తే పిల్లలను వీణ, గాత్రం, కూచిపూడి తరగతులకు తిప్పడంతోనే సరిపోతుందనీ, క్లీవ్‌లాండ్‌లో 1978 నుంచి త్యాగరాజ ఆరాధన జరుగుతోందనీ గట్టిగానే చెప్పాను. ఆయన అంతా విని, "పద్దెనిమిదేళ్లు వచ్చాక?" అన్నారు.

ఆయన రబాబ్ అనే తంత్రీవాద్యం వాయిస్తారు. మల్బరీ దుంగను తొలిచి, మేకతోలు బిగించిన ఆ వాద్యాన్ని చూసిన ప్రతిసారీ ఒకే పనస దుంగలో మలిచే మా బొబ్బిలి వీణ కళ్ల ముందు మెదులుతుంది. కాబూల్‌లో సంగీతకారుల వాడ పేరు ఖరాబాత్. 19వ శతాబ్దంలో అమీర్ షేర్ అలీ ఖాన్ హిందుస్థాన్ నుంచి రప్పించిన విద్వాంసుల వంశాలు అక్కడే స్థిరపడ్డాయి. 1990లలో అంతర్యుద్ధం ఆ వాడను నేలమట్టం చేసింది, 1996లో తాలిబన్లు రాగానే పాటే నేరమైంది, దాంతో పెషావర్ చేరిన ఉస్తాదులు అద్దె గదుల్లోనే శిష్యులకు విద్య చెప్పారు. 2021లో తాలిబన్లు తిరిగి రావడంతో మళ్లీ అదే జరిగి, కాబూల్‌లోని జాతీయ సంగీత విద్యాలయం పోర్చుగల్‌కు తరలిపోవలసి వచ్చింది. 2024లో యునెస్కో రబాబ్ తయారీని, వాదనాన్ని నాలుగు దేశాల ఉమ్మడి వారసత్వంగా గుర్తించింది. ఆ నాలుగింటిలో అఫ్గానిస్తాన్ ఒకటి, అక్కడేమో దాన్ని నలుగురిలో వాయించే వీలే లేదు.

ఇంత తెలిసి కూడా ఆయన మాటలో కొంత అన్యాయం ఉందనే నేను వాదిస్తాను. పద్దెనిమిదేళ్లకు వీణ పక్కన పెట్టిన అమ్మాయి నలభైయేళ్లకు మళ్లీ అందుకోగలదు, ఎందుకంటే గురువు ఉంటాడు, సభ ఉంటుంది, పుస్తకంలో స్వరం ఉంటుంది. ఖరాబాత్ విద్య ఉస్తాద్ చేతినుంచి శిష్యుడి చేతికే అందాలి గనుక అక్కడ ఒక్క తరం తప్పితే పూడ్చేదేమీ ఉండదు. ఆయన పట్టుదల అంతా అందుకే, దానికి నేను చేతులెత్తి నమస్కరిస్తాను.

అయితే ఈ వాదన సభలున్న సంగీతానికే చెల్లుతుంది. జముకు వాయిస్తూ పాడి చెప్పే మా ఉత్తరాంధ్ర జానపద కళ జముకుల కథ కూడా చెవితో విని నేర్చుకునేదే. ఆ కథకుల వాద్యాలను ఎవరూ తగలబెట్టలేదు, మా ఊరి జాతరకు వాళ్లను పిలవడమే మానేశాం. ఇది చెప్పినప్పుడు ఆయన నన్ను ఏమీ అనలేదు; ఇప్పుడు బాగా చెప్పగలిగిన పెద్దవాళ్లు ఎవరున్నారు, వాళ్ల దగ్గర ఎవరైనా నేర్చుకుంటున్నారా అని మాత్రం అడిగారు. ఈ సంక్రాంతికి ఊరెళ్లినప్పుడు కనుక్కుని వస్తానని చెప్పాను.