డాబా మీద నేను, వరండాలో అత్తయ్య

"వచ్చిందా అత్తయ్యా?" "లేదురా, తెర ఇంకా నీలంగానే ఉంది."

చిన్న టీవీ. 12 వోల్టులది. కరెంటు పోయినా పాత బ్యాటరీ మీద ఆడుతుంది. వరండాలో మంచం పక్కన స్టూలు వేసి పెట్టాను. దానికి దూరదర్శన్ వాళ్ల ఉచిత డిష్ సర్వీసు, డీడీ ఫ్రీ డిష్ పెట్టె.

చిక్కంతా డాబా మీదే, డిష్‌ను సరిగ్గా ఉపగ్రహం వైపు తిప్పడంలో. జీశాట్-15 ఉపగ్రహం 93.5 డిగ్రీల తూర్పున ఉంటుంది. మనకు అది ఆగ్నేయం దిక్కు. "అంటే వంటింటి మూల, అంతేగా" అని అత్తయ్య ఒక్క ముక్కలో తేల్చేసింది. ఆ మూలనే వేపచెట్టు! డిష్‌ను పిట్టగోడ ఇవతలికి జరపాల్సి వచ్చింది.

తెర మీద సిగ్నల్ చూపించే రెండు గీతలు ఉంటాయి. స్ట్రెంత్ గీత నిండుగా కనిపించి మురిపిస్తుంది. దాన్ని చూసి సంబరపడి లాభం లేదు. డిష్ ఎటు తిరిగి ఉన్నా అది లేస్తుంది. క్వాలిటీ గీత కదిలితేనే బొమ్మ. బోల్టులు కాస్త వదులు చేసి, వెంట్రుకవాసి చొప్పున పక్కకు నెడుతూ, ప్రతిసారీ కాసేపు ఆగాలి. తొందరపడితే ఉపగ్రహాన్ని దాటిపోతాం, తెలియను కూడా తెలియదు.

నెలనెలా కట్టేదేమీ లేదంటే అత్తయ్య నమ్మలేదు. "ఊరికే ఎవరిస్తారురా?" 2004 నుంచి ఇస్తున్నారన్నా అనుమానంగానే చూసింది. సప్తగిరి ఛానల్ రాగానే మాత్రం "శబ్దం పెంచు" అంది.

పక్కింటి పిన్ని అప్పుడే గోడ మీదుగా అడిగేసింది, వాళ్ల డాబా ఎప్పుడెక్కుతావని.