గిన్నె పోయి అప్పడం వచ్చింది

మూడోసారి కూడా పోయింది. నిన్న రాత్రి క్రోషే లేసు గుడ్డకి పందొమ్మిదో చుట్టు పూర్తిచేసి బల్ల మీద పరిచాను. మొదటి రెండుసార్లూ పెరుగు గిన్నెలా పైకి లేచిన గుడ్డ, ఈసారి నూనెలో వేసిన అప్పడంలా అంచు చుట్టూ వంకర్లు తిరిగింది. ఒకవైపు అరచేత్తో నొక్కితే రెండోవైపు లేస్తోంది. మా ఆయన చూసి "బాగానే ఉందిగా, ఫ్రిజ్ మీద వేసేయ్" అన్నారు. కోపంలో అక్కడికక్కడే విప్పేద్దామనుకున్నాను. విప్పితే కొలతలు పోతాయి కదా, అందుకని ముందు ఇది రాసుకుంటున్నాను.

అనుకున్నది 60 సెంటీమీటర్ల గుండ్రటి టేబుల్ క్లాత్. మధ్యలో నిండుగా ట్రెబుల్ కుట్టు (అమెరికా వీడియోల్లో దీన్నే డబుల్ అంటారు, ఆ గందరగోళంలో పడకండి), పద్దెనిమిదో చుట్టు దాటాక పన్నెండు అనాసపళ్ల డిజైను. 20 నంబరు తెల్ల దారం, 1.25 మి.మీ. కొక్కెం సూది, చుట్టుకి 12 కుట్ల పెంపు. ఇందులో కొత్త విద్యేమీ లేదు. పెళ్లికి ముందు ఇలాంటివి మా అమ్మతో పాటు అరుగు మీద కూర్చుని ఎన్నో కుట్టాను. నర్సాపురంలో పుట్టి లేసు సూది పట్టలేదంటే ఎవరూ నమ్మరు.

కొత్తదల్లా నా వేళ్లే. రొమ్ము క్యాన్సరు ఎముకల్లోకి వెళ్లాక కెపసిటబిన్ మాత్రలు రాశారు. పద్నాలుగు రోజులు పొద్దున, రాత్రి తిన్నాక వేసుకోవడం, ఏడు రోజులు గ్యాపు, మళ్లీ మొదలు. ఈ మందు వాడినవాళ్లకి నేను చెప్పక్కర్లేదు. అరచేతులు, అరికాళ్లు ఎర్రబడతాయి, మండుతాయి, పొర లేస్తుంది. కొందరికి వేలిముద్రలే చెరిగిపోతాయట. ఆ కొందరిలో నేనున్నాను. మొన్న రేషన్ దగ్గర బొటనవేలు ఆరుసార్లు పెట్టించుకుని కూడా మిషను ఒప్పుకోలేదు, చివరికి కనుపాప చూసి బియ్యం ఇచ్చారు. 2024లో మన లేసుకి జీఐ (భౌగోళిక) గుర్తింపు వచ్చింది. లేసు కుట్టే వేలికి మాత్రం గుర్తింపు లేదని అక్కడే నవ్వొచ్చింది.

సరే, లెక్కల్లోకి వస్తాను.

మొదటిసారి గ్యాపు వారంలో మొదలుపెట్టాను. 1 నుంచి 8 చుట్లు చదునుగా వచ్చాయి. మాత్రల మొదటి వారంలో 9 నుంచి 12 వరకు వేశాను, అదీ చదునే, వ్యాసం 10 సెం.మీ. రెండో వారంలో రోజుకొకటి చొప్పున 13 నుంచి 18. ఆరో రోజు సాయంత్రానికి గిన్నె తయారు. మధ్యభాగం బల్లకి ఆనుతోంది, అంచు 1.8 సెం.మీ. పైకి లేచింది.

కుట్లు తప్పానేమోనని లెక్కపెట్టాను. ముందు 215 వచ్చింది, ప్రాణం లేచొచ్చింది, తప్పు దొరికిందని. మళ్లీ లెక్కపెడితే 216, ఇంకోసారి 216. కావలసినది అంతే. తర్వాత దారం మీద అనుమానం. పదకొండో చుట్టులో కొత్త ఉండ మొదలైంది, తయారీ లాటు వేరు. రెండు దారాలూ స్కేలుకి పక్కపక్కగా చుట్టి చూస్తే రెండూ సెంటీమీటరుకి 24 చుట్లే. తర్వాత తేమ. ఈ వానలకి మా ఇంట్లో ఉప్పు డబ్బాలో నీళ్లూరుతుంటే దారం ఊరుకుంటుందా అని, గుడ్డని బియ్యం డబ్బాలో రెండు రోజులు పెట్టి తీశాను. గిన్నె గిన్నెలాగే ఉంది.

మొదటే చేయాల్సిన పని అప్పుడు చేశాను. పది కుట్ల వెడల్పు కొలిచాను. ఎనిమిదో చుట్టులో పది కుట్లు 2.2 సెం.మీ. పదహారో చుట్టులో 1.95. కుట్టు ఎత్తు మాత్రం రెండు చోట్లా 4.2 మి.మీ. ఆ ఎత్తున పద్దెనిమిది చుట్లు వేస్తే అంచు 47.5 సెం.మీ. ఉండాలి. నా 216 కుట్లు 1.95 లెక్కన 42.1కే ఆగిపోయాయి. తగ్గిన ఆ 5.4 సెంటీమీటర్లే గిన్నె.

ఎత్తు మారకుండా వెడల్పు ఒక్కటే ఎందుకు తగ్గిందని రెండు రోజులు ఆలోచించాను. నా ఊహ ఇదీ. ముద్రల గరుకు పోయిన వేలి మీద దారం జారుతుంది. జారుతోందని చిటికెనవేలికి నాకు తెలియకుండానే ఒక చుట్టు ఎక్కువ వేసుకుంటున్నాను. పైగా వేళ్లు మొద్దుబారి ఉంటాయి కాబట్టి లాగింది చాలిందో లేదో తెలియక, ప్రతి కుట్టు చివరా ఇంకొకసారి లాగుతున్నాను. ఎత్తు కంటితో చూసి లేపుతాం, అది మారలేదు. వెడల్పు వేలికి తెలియాలి. ఆ తెలియడమే పోయింది.

ఆరు చుట్లు విప్పాను. 1116 కుట్లు. విప్పడానికి ఇరవై నిమిషాలు కూడా పట్టలేదు, దానికే ఎక్కువ ఏడుపొచ్చింది.

రెండోసారి, అంటే తర్వాతి మాత్రల సైకిల్ రెండో వారంలో, 1.5 సూదికి మారాను. మా అబ్బాయి క్లోవర్ మెత్తటి పిడి సూది పంపాడు. చేతికి హాయిగానే ఉంటుంది. కానీ మామూలు పోనీ కంపెనీ స్టీలు సూదికి బ్యాడ్మింటన్ గ్రిప్ టేపు చుట్టుకుంటే అంతే హాయి, ఖర్చు అందులో పదోవంతు. దారం విషయంలో మాత్రం నేను యాంకర్ దాటి వెళ్లను, మెలి విడిపోదు. ఫలితానికొస్తే, పది కుట్లు 2.05 అయ్యాయి. సంబరపడేలోపు ఎత్తు కొలిస్తే అదీ 4.5కి పెరిగింది. సూది లావైతే కుట్టు అన్ని వైపులా పెరుగుతుంది, నాకు కావలసింది ఒక్క వెడల్పే. లోటు 5.4 నుంచి 4.3కి దిగింది. గిన్నె కాస్తా పళ్లెమైంది. పైగా ఆఖరి రోజు చూపుడువేలు చిట్లి దారం మీద రక్తపు చుక్క పడింది. చన్నీళ్లలో వెంటనే నానబెడితే పోయింది. ఫోన్ చేస్తే డాక్టరమ్మ, తోలు చిట్లిన రోజున సూది ముట్టుకోవద్దన్నారు. అప్పటినుంచి రాత్రి యూరియా క్రీము రాసుకుని నూలు తొడుగులు వేసుకుని పడుకుంటున్నాను. పగలు కుట్టే ముందు రాయను, దారం జిడ్డెక్కుతుంది.

మూడోసారి సూది 1.25కే తెచ్చి, పెంపు మార్చాను. పన్నెండో చుట్టులో 144 కుట్లు. అక్కడి నుంచి చుట్టుకి 12 కాకుండా 16 పెంచుకుంటూ వెళ్తే పద్దెనిమిదికి 240. అది 1.95 లెక్కన 46.8 సెం.మీ. కావలసిన 47.5కి 7 మి.మీ. తక్కువ. ఆ మాత్రం గంజి పెట్టి గుండుసూదులతో లాగితే సర్దుకుంటుంది. 240ని పన్నెండుతో భాగిస్తే ఇరవై, అనాసపళ్లకీ ఇబ్బంది లేదు. ఆ సాయంత్రం నా అంత తెలివైనది వశిష్ఠ గోదావరికి ఇటుపక్కా అటుపక్కా లేదనుకున్నాను.

తర్వాత గ్యాపు వచ్చింది. వేళ్లకి కాస్త స్పర్శ తిరిగొచ్చింది. చెయ్యి దానంతటదే వదులైంది. పందొమ్మిదో చుట్టు 252 కుట్లు మళ్లీ 2.2కి వెళ్లి కూర్చున్నాయి. మొత్తం 55.4 సెం.మీ. అక్కడ ఉండాల్సింది 50.1. అదీ అప్పడం కథ.

"గ్యాపు వారంలోనే కుట్టుకోవచ్చుగా అమ్మా" అంటాడు మా అబ్బాయి. గ్యాపు వారం తిరగడానికిరా నాయనా. ఇంట్లో కూర్చోవాల్సిన రోజుల్లో కదా సూది కావలసింది.

ఈ గ్యాపులో అంతర్వేది వెళ్లొచ్చాం. తెల్లారేసరికి రేవులో పంటు (గోదావరి దాటించే పెద్ద పడవ) ఎక్కి సఖినేటిపల్లిలో దిగి, అక్కణ్ణుంచి ఆటో. ఎండెక్కితే నా అరికాళ్లకి గుడి రాళ్లు పెనమే కాబట్టి ఎనిమిదిలోపు దర్శనం ముగించాం. గోదావరి సముద్రంలో కలిసే అన్నాచెల్లెళ్ల గట్టు దగ్గర ఇసుకలో మేజోళ్లతోనే నడిచాను. చూసినవాళ్లు చూశారు. బ్రహ్మాండంగా జరిగింది.

అసలు విషయం తిరుగు పంటులో దొరికింది. నా పక్కన ఒక పెద్దాయన వల బాగుచేసుకుంటున్నాడు. చేతిలో వెదురు బద్ద, దాని మీదుగా దారం తిప్పి ముడి వేస్తున్నాడు. చూపు నీళ్ల మీద, మాటలు నాతో, వల కన్నులు మాత్రం అన్నీ ఒకే కొలత. "బద్ద లేకపోతే?" అని అడిగాను. "చెయ్యి రోజుకో రకంగా ఉంటదమ్మా, బద్ద ఉండదుగా" అన్నాడు.

ఇంటికొచ్చి బీరువాలోంచి పాత సీటీ స్కాన్ ఫిల్ము ఒకటి తీశాను. దాని అంచున కత్తెరతో 2.2 సెం.మీ. గాడి కోశాను. పది కుట్లు వేయగానే గాడిలో పెట్టి చూడాలి. గాడికి తక్కువైతే ఆ పదీ విప్పి మళ్లీ. పరీక్షించడానికి ఇప్పుడు నా వేళ్లు బాగానే ఉన్నాయి కదా, అందుకని ఆసుపత్రి రబ్బరు తొడుగు వేసుకుని విడిగా ముక్క కుట్టాను. ఫిల్ము లేకుండా పది కుట్లు 1.9. ఫిల్ముతో 2.15. ముప్పై కుట్లకి పద్నాలుగు నిమిషాలు పట్టింది. ఆ లెక్కన పద్దెనిమిదో చుట్టు ఒక్కటే గంటా నలభై నిమిషాలు. పట్టనీ. ఫిల్ము గట్టిగా ఉంటుంది, తడికి మెత్తబడదు. ముందు అట్టముక్కతో చేశాను, చెమటకి అరగంటలో ఉబ్బింది.

ఎదురింటి పిన్ని ఇదంతా గుమ్మంలోంచి చూసి నవ్వింది. "ఎందుకే ఈ అవస్థ? చిన్న పువ్వులు కుట్టుకో. పాతికమంది పాతిక రకాల చేతులతో కుట్టిన పువ్వులు తెచ్చి అతికేవాళ్లం మేము. ఎవరి చెయ్యి ఎలా ఉందో అతుకులో తెలిసేదా?" అంది. పిన్ని అతుకుపనిలో ముప్పై ఏళ్లు చేసిన మనిషి, కాదనలేను. కానీ నాకు అతుకు లేని గుండ్రమే కావాలి. మొండితనం అనుకోండి. నాలుగోసారి ఫిల్ముతో చూశాక, అదీ గిన్నె అయితే అప్పుడు పువ్వులు. పెద్దగా వచ్చినవి ఒక డబ్బాలో, చిన్నగా వచ్చినవి ఒక డబ్బాలో వేసి, వచ్చే గ్యాపులో అతకొచ్చు. పువ్వులైతే ప్రయాణంలో సంచీలోనూ పడతాయి.

ఆ గ్యాపుకి కాకినాడ పక్కన కోరింగ మడ అడవులు అనుకుంటున్నాం. అక్కడ చెక్క వంతెన మీద నీడలో నడవొచ్చు, ఇసుకా లేదు, కాలే రాళ్లూ లేవు. మా ఆయనకి తిరుగుదారిలో ఆత్రేయపురం పూతరేకుల మీద కన్నుంది. అది దారే కాదని మ్యాపు చూపించాను, వినడం లేదు.

రేపటి నుంచి మాత్రలు. ఈ రాత్రికి ఏడు చుట్లు విప్పి పన్నెండు దగ్గర ఆపాలి. గుండుసూదులు తుప్పుపట్టాయి, కొత్తవి తెప్పించాలి. ఈసారి స్టెయిన్‌లెస్‌వే.