నా కాలికి పడ్డ మూడో నంబరు

ఎడమ కాలువకు నీళ్లు వదిలారు, మిర్యాలగూడ చుట్టూ నాట్లు జోరుగా సాగుతున్నాయి. గేదె అడ్డం రావడంతో నా బైకు రోడ్డు దిగి, దమ్ము చేసిన మడిలో పడింది. లేవబోతే కుడి కాలు నాతో రాలేదు. మోకాలికీ మడమకూ మధ్య ఎముక చర్మాన్ని చీల్చుకుని బురదలో దిగబడి ఉంది. నొప్పి వెంటనే తెలియలేదు. చెప్పు ఎక్కడ పోయిందా అని వెతికానట, అక్కడి కూలీలు తరవాత చెప్పారు.

108లో నల్లగొండ తీసుకెళ్లారు. వెన్నుకు మత్తిచ్చారు కాబట్టి మెలకువగానే ఉన్నాను. సెలైన్ పోసి కడుగుతూనే ఉన్నారు. మధ్యలో డాక్టరు పట్టకారుతో ఏదో తీసి స్టీలు పళ్లెంలో పెట్టాడు. తల తిప్పి చూశాను. వరి నారు వేరు, దానికి అంటుకున్న పేడ మట్టి.

గాయం పొడవు 4 సెంటీమీటర్లే. అయినా కేసు షీటులో 'టైప్ 3', అంటే అన్నిటికన్నా తీవ్రమైన తరగతి అని రాశారు. తహసీల్దారు ఆఫీసులో పంతొమ్మిదేళ్లు పహాణీలు తిరగేసినవాణ్ని, గడిలో పడిన అంకె కళ్ళబడితే ఊరుకోలేను. పక్క మంచం మీద తుంటి విరిగిన కల్వకుర్తి పెద్దాయన ఉండేవారు. సైన్యం వైద్య విభాగంలో హవల్దారుగా చేసి రిటైరయ్యారు. అడిగితే నవ్వారు.

"పొడవును బట్టి కాదు తమ్ముడూ, మట్టిని బట్టి వేశారు. పొలంలో విరిగిన ఎముక బయటపడితే గాయం చిన్నదైనా మూడే. తుపాకీ దెబ్బదీ అదే గడి."

తరవాత చదివితే నిజమేనని తేలింది. ఎముక చర్మం చీల్చుకుని బయటపడ్డ గాయాలకు తరగతులు వేయడానికి గస్టిలో, ఆండర్సన్ అనే ఇద్దరు డాక్టర్లు 1976లో ప్రకటించిన పద్ధతి అది. ఎరువు మడిలో పడ్డ గుమాస్తాకూ తూటా తగిలిన జవానుకూ ఒకే వరస!

నా భార్యకు మాత్రం కోపంగా ఉండేది. "పుండు కుట్టకుండా తెరిచి పెట్టారేమిటన్నా?" అని హవల్దారు గారినే నిలదీసింది. ఆయన చెప్పారు: మొదటి ప్రపంచ యుద్ధంలో, 1914లో, ఫ్రాన్స్ రణరంగం కూడా పేడ ఎరువు వేసిన పొలాలేనట. గాయాన్ని శుభ్రంగా కుట్టేస్తే లోపల గాలి ఆడక కండ కుళ్లి, గ్యాస్ పట్టి ప్రాణం పోయేది. చచ్చిన కండ కోసేసి, కొన్నాళ్లు తెరిచి ఉంచి, ఆపైన మూయడం ఆ యుద్ధంలో సర్జన్లు నేర్చుకున్న పాఠం. నాకు అయిదో రోజు తొడ నుంచి చర్మం తీసి అతికించారు. చెబితే నమ్మరు, కాలి కన్నా తొడే ఎక్కువ మండింది.

ఆ యుద్ధంలో గాయపడినవాడి చొక్కా గుండీకి ఒక కార్డు కట్టేవారు. దాని మీద పేరు, దెబ్బ, చేసిన చికిత్స ఉండేవి. ధనుర్వాతం సీరం ఇచ్చాక చేతి మీద చెరగని పెన్సిలుతో 'టి' అని గీసేవారు. బ్రిటిష్ సైన్యం తూటాకూ ఫిరంగి గుండు ముక్కకూ కలిపి 'జీ.ఎస్.డబ్ల్యూ.' (గన్‌షాట్ వూండ్, తుపాకీ గాయం) అని ఒకే మాట రాసేది. చెరువు గట్టునూ శ్మశానాన్నీ మేము పోరంబోకు అన్నట్టే.

మంచం మీద ఉండగా ఇంకొకటి చదివాను, అదే నన్ను పట్టుకుంది. ఫ్రాన్స్‌లో పోరాడిన భారతీయ సిపాయిల్లో చాలామందికి చేతులకే గాయాలయ్యాయి. వెనక్కి వెళ్లిపోవడానికి తామే కాల్చుకున్నారని అధికారులకు అనుమానం. బ్రైటన్‌లోని కిచెనర్ ఆసుపత్రిలో కల్నల్ బ్రూస్ సీటన్ 1915లో వెయ్యి గాయాలను ఒక్కొక్కటిగా పరిశీలించి, ఆ అనుమానానికి ఆధారం లేదని తేల్చాడు.

పట్టుకోవడానికి కారణముంది. నన్ను చేర్చుకున్న రాత్రి డ్యూటీ డాక్టరు నా కాగితం మీద 'మద్యం?' అని రాశాడు. రక్తం తీసి పరీక్షించలేదు. నేను తాగను. బురద కంపో, నా మాట తడబడటమో, ఏం చూసి రాశాడో ఇప్పటికీ తెలియదు. ఆ ఒక్క ప్రశ్నార్థకం చూపించి బీమావాళ్లు డబ్బు ఆపేశారు.

ఎముక ఆరు నెలల్లో అతికింది. ఎముకను కదలకుండా పట్టి ఉంచిన బయటి కడ్డీలు తీసిన రోజు కాలు నాది కాదన్నట్టు సన్నగా, తెల్లగా పాలిపోయి ఉంది. చంక కర్రలతో మొదలుపెట్టి చేతికర్ర దాకా వచ్చాను. ఆ కర్రతోనే ఆసుపత్రి రికార్డు గది చుట్టూ తిరిగాను. నన్ను ఎక్కించుకున్న 108 సిబ్బంది రాసిన కాగితం సంపాదించాను. అందులో 'స్పృహలో ఉన్నాడు, మాట స్పష్టం' అని ఉంది. పదకొండో నెలలో పెద్ద డాక్టరు ఆ రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టి చూశారు. 'మద్యం?' అన్న మాట మీద అడ్డగీత గీసి, పక్కన పొట్టి సంతకం చేసి తేదీ వేశారు. మా ఆఫీసులో దిద్దుబాటూ అలాగే చేస్తాం. బయటికి వచ్చి బస్సెక్కాక గానీ చేతికర్ర ఆ గదిలోనే మరిచిపోయానని గుర్తు రాలేదు.