మా పాపకు సీఏహెచ్ అనే హార్మోన్ల జబ్బు ఉందని తేలేదాకా, తేలాక

మా పాప పుట్టినప్పుడు లేబర్ రూమ్‌లో ఎవరూ ఆడపిల్ల అనలేదు, మగపిల్లాడు అనలేదు. పిల్లల డాక్టరమ్మ నా మంచం పక్కన కూర్చుని, "బిడ్డ బాగుందమ్మా. ఆడా మగా అన్నది మాత్రం చూపుతో చెప్పేయకూడదు, పరీక్షలయ్యాక చెబుతాం. అప్పటిదాకా జనన నమోదుకు వివరాలు ఇవ్వకండి" అన్నారు. బయట నెల్లూరు నుంచి వచ్చిన చుట్టాలంతా కాచుకుని ఉన్నారు. మా ఆయన వెళ్ళి, "బిడ్డ క్షేమం, పరీక్షలు ఇంకా ఉన్నాయి" అని మాత్రం చెప్పాడు. ఎవరెంత గుచ్చి అడిగినా ఆ మాట మీదే ఉన్నాం. మీకూ ఇలాంటి పరిస్థితి వస్తే నోటికొచ్చింది చెప్పేయకండి, తర్వాత మార్చి చెప్పడం ఇంకా కష్టం.

స్కాన్‌లో గర్భసంచి కనిపించింది. క్రోమోజోముల రిపోర్టు ఆలస్యంగా వచ్చింది, ఎక్స్‌ఎక్స్ అని, అంటే ఆడపిల్లే. అసలు సంగతి తేల్చింది 17-ఓహెచ్‌పీ అనే హార్మోన్ పరీక్ష. పుట్టిన వెంటనే అది మామూలు పిల్లల్లోనూ ఎక్కువే ఉంటుందని రెండు రోజులు నిండాక రక్తం తీశారు. మా పాపకు ఉండాల్సిన దానికి ఎన్నో రెట్లుంది. జబ్బు పేరు కంజెనిటల్ అడ్రినల్ హైపర్‌ప్లేషియా. అందరూ సీఏహెచ్ అంటారు.

హార్మోన్ల డాక్టరు గారు కాగితం మీద బొమ్మ గీసి చెప్పారు. కిడ్నీల మీద ఉండే అడ్రినల్ గ్రంథులు కడుపులోని బిడ్డకు ఒంటితో పోలిస్తే చాలా పెద్దవి. వాటిలో ఎక్కువ భాగం పుట్టాక కొన్ని నెలల్లో కుంచించుకుపోతుంది. ఆ భాగం తయారుచేసే డీహెచ్‌ఈఏ సల్ఫేట్ అనే హార్మోన్‌ను తీసుకుని మాయ (ప్లాసెంటా) ఈస్ట్రోజెన్ అనే ఆడ హార్మోన్‌గా మారుస్తుంది. నిండు నెలల్లో నా ఒంట్లో ఉన్న ఈస్ట్రియోల్ అనే రకం ఈస్ట్రోజెన్‌లో చాలా భాగం బిడ్డ పంపిన సరుకుతో తయారైందేనని విని ఆశ్చర్యపోయాను. మా పాపలో 21-హైడ్రాక్సిలేజ్ అనే ఎంజైమ్ పనిచేయడం లేదు. అది లేకపోతే ఒత్తిడిని, జబ్బును తట్టుకోవడానికి కావాల్సిన కార్టిసాల్ అనే హార్మోన్, ఒంట్లో ఉప్పును నిలిపే ఆల్డోస్టెరోన్ అనే హార్మోన్ తయారుకావు. కార్టిసాల్ చాలడం లేదని మెదడు కింద ఉండే పిట్యూటరీ గ్రంథి అడ్రినల్‌ను ఇంకా తొందరపెడుతుంది. పేరుకుపోయిన సరుకంతా మగ హార్మోన్ల వైపు మళ్ళుతుంది. మాయ కొంతవరకు వాటిని మార్చేయగలదు, మరీ ఎక్కువైతే దాని వల్లా కాదు. ఇదంతా మూడో నెల నిండేలోపే, బయటి అవయవాలు రూపు కట్టే వేళలోనే జరిగిపోతుంది, అందుకే పైకి చూస్తే ఆడో మగో తెలియదు. లోపలి గర్భసంచి, అండాశయాలు మాత్రం మామూలుగానే ఉంటాయి. "మీరు తిన్నదీ తాగిందీ దీనికి కారణం కాదమ్మా" అన్నారు. ఆ మాట ఇంకోసారి చెప్పించుకుని విన్నాను.

తల్లి నుంచి ఒకటి, తండ్రి నుంచి ఒకటి, లోపమున్న జన్యువులు రెండూ కలిస్తేనే ఈ జబ్బు వస్తుంది. మాది మేనరికం. మీ వైపా మా వైపా అని తగువు పడటానికి లేదు, మా ఇద్దరికీ తాతయ్య ఒకరే.

కడుపులో ఉన్నంతకాలం పాప ఒంట్లో ఉప్పు లెక్క నా ఒళ్ళే చూసుకుంది. పుట్టాక ఆల్డోస్టెరోన్ లేక మూత్రంలో సోడియం పోతుంది, పొటాషియం పెరుగుతుంది. మొదటి రెండు మూడు వారాల్లో వాంతులు, నీరసం, ఆపైన ప్రాణం మీదికి రావచ్చు. మగపిల్లలకు ఇదే జబ్బు ఉంటే పైకి తేడా కనిపించక ఇంకా ప్రమాదం. అందుకే చెబుతున్నాను, ఏ బిడ్డకైనా మడమ రక్తం పరీక్షలో 17-ఓహెచ్‌పీ ఉందో లేదో అడగండి. ఐసీఎంఆర్ (భారత వైద్య పరిశోధన మండలి) వాళ్ళు లక్షకు పైగా పసిపిల్లలను పరీక్షిస్తే 5,762 మందిలో ఒకరికి ఈ జబ్బు తేలింది. అందులో చెన్నైలో ఈ జబ్బున్న పిల్లల లెక్క ఇంకా ఎక్కువ.

ఇంటికొచ్చాక మందుల పని నాది. కార్టిసాల్ బదులు ఇచ్చే హైడ్రోకార్టిసోన్ మాత్రను నూరి డోసుకొక పొట్లం కట్టించాం. రోజుకు మూడుసార్లు, చెంచాడు పాలలో అప్పటికప్పుడు కలిపి, సిరంజితో బుగ్గ లోపలికి. దాంతోపాటు ఆల్డోస్టెరోన్ బదులు ఫ్లూడ్రోకార్టిసోన్, డాక్టరు కొలిచి చెప్పిన ఉప్పు నీళ్ళు. మా అమ్మకు ఆ ఉప్పే మింగుడుపడలేదు. "ఏడాది నిండని పిల్లకు ఉప్పేంటే?" అని గోల. సోడియం రిపోర్టు రెండుసార్లు పక్కపక్కన పెట్టి చూపిస్తే ఒప్పుకుంది. ఇప్పుడు నాకంటే ముందు తనే కొలుస్తోంది.

బయటి అవయవాల రూపు మార్చే ఆపరేషన్ ఎప్పుడని అడగనివాళ్ళు లేరు. ప్రాణాపాయం ఉంటే తప్ప ఇలాంటి పసిపిల్లలకు ఆ సర్జరీలు చేయకూడదని 2019లో మద్రాస్ హైకోర్టు తీర్పు ఇచ్చింది, తమిళనాడు ప్రభుత్వం జీవో కూడా తెచ్చింది. నాకైతే ఆ తీర్పు పెద్ద ఊరట. పాప పెద్దయ్యాక తన ఒంటి సంగతి తనే చెప్పుకుంటుంది.

మాకిప్పుడు టెన్షన్ అంతా జ్వరంతోనే. 101 దాటితే హైడ్రోకార్టిసోన్ మూడింతలు వేయమన్నారు. వాంతి చేసుకుని మందు కక్కేస్తే అదే మందు ఇంజెక్షన్ ఇచ్చి నేరుగా క్యాజువాలిటీకి పరుగెత్తాలి. డాక్టరు రాసిచ్చిన చీటీ, ఆ ఇంజెక్షన్ ఒకే సంచిలో ఉంటాయి. పాప ఎక్కడుంటే ఆ సంచీ అక్కడే.