రాజుగారి సీసం

శనివారం పొద్దున్నే పక్కింటి పెద్దాయన తలుపు తట్టి "నీ నడుము గట్టిదేనా?" అని అడిగితే, సోఫా ఏదో మోయాలి కాబోలు అనుకున్నాను. తీరా చూస్తే సీసం కొనడానికి బయలుదేరాడు. బాల్చీ ఎత్తడానికి ఇంకో మనిషి కావాలి. సాయం వస్తే తిరుగుదారిలో లిచ్‌ఫీల్డ్ అనే పాత ఊరు చూపిస్తానని ఆశపెట్టాడు.

మేముండేది అమెరికాలోని కనెక్టికట్‌లో, హార్ట్‌ఫర్డ్ పక్కన. ఆయన విమాన ఇంజన్ల కర్మాగారంలో లేత్ మీద పనిచేసి రిటైరయ్యాడు. ఆదివారాలు పాతకాలపు తుపాకులతో గురిపందేలకు వెళ్తాడు. వాటికి కావలసిన సీసపు గుండ్లు కొనడు, గ్యారేజీ వెనక చిన్న పొయ్యి పెట్టుకుని తనే పోత పోసుకుంటాడు. ఈ సంగతి మొదటిసారి తెలిసినప్పుడు నాకు గుండె దడ పుట్టింది. మన దేశంలో లైసెన్సు లేకుండా తూటాలు తయారుచేస్తే 1959 నాటి ఆయుధాల చట్టం ఊరుకోదు. ఇక్కడ మాత్రం గురిపందేల వాళ్లకు అది ఊరగాయ పెట్టుకున్నట్టు ఏటా జరిగే పని.

84వ నంబరు రహదారి మీద పడమటికి వెళ్తే, కొండ మీద పెద్ద సిలువ కనిపించగానే వాటర్‌బరీ వచ్చినట్టు. ఒకప్పుడు ఇత్తడి నగరమని పేరు. మనకు అజ్జరం బిందెలు ఎలాగో వీళ్లకు వాటర్‌బరీ గుండీలు అలాగ. తుపాకీ తూటా తొడుగుకు వాడే ఇత్తడిలో 70 పాళ్లు రాగి, 30 పాళ్లు జింకు. ఆ లెక్క ఈ లోయలో చిన్నపిల్లవాడికి కూడా తెలిసేదని పెద్దాయన గొప్పలు పోయాడు. ఇప్పుడు ఆ కర్మాగారాలు చాలావరకు ఖాళీ గోడలే. అక్కడి నుంచి నాగటక్ నది వెంబడి ఉత్తరానికి తిరిగాం. అక్టోబరు కదా, చెట్లన్నీ పసుపూ కుంకుమా కలిపి చల్లినట్టున్నాయి.

తుక్కు యార్డు నది ఒడ్డునే ఉంది. ముందు అమ్మకం. స్నానాలగది మార్పించినప్పుడు మిగిలిన రాగి గొట్టాలూ ఇత్తడి కుళాయిలూ ఆయన ఇంట్లోనే అయస్కాంతం పెట్టి ఇనుము ఏరేసి, వేరువేరుగా తెచ్చాడు. కలగాపులగంగా తెస్తే అన్నిటికీ చవక సరుకు ధరే కడతారట. కాటా మీద పెట్టారు, డ్రైవింగ్ లైసెన్సు చూసి నంబరు రాసుకున్నారు, డబ్బు ఇచ్చారు. అయిదు నిమిషాల పని.

కొనడానికే గంటన్నర పట్టింది. టైర్ల దుకాణాల నుంచి వచ్చిన బాల్చీల నిండా, చక్రాల తూకం సరిచేయడానికి వాటికి తగిలించే బరువు ముక్కలు. చిటికెన వేలంత పొడుగు, ఒక పక్క ఇనుప క్లిప్పు. ఒకప్పుడు ఇవన్నీ సీసమే, అందులో సీసాన్ని గట్టిపరిచే ఆంటిమొనీ కొంచెం, చిటికెడు తగరం. గుండ్లు పోయడానికి అంతకన్నా మంచి మిశ్రమం ఏం కావాలి? కాలిఫోర్నియా 2010లో వీటిని నిషేధించింది, ఆ తరవాత మరికొన్ని రాష్ట్రాలు. ఇప్పుడు బాల్చీలో సీసంతో పాటు ఉక్కు, జింకు కలిసి వస్తున్నాయి. ఉక్కుతో పేచీ లేదు, కరిగిన సీసం మీద తేలుతుంది, గరిటెతో తీసి పారేయవచ్చు. జింకుతోనే అసలు తంటా. సీసం 327 డిగ్రీల దగ్గర కరుగుతుంది, జింకు 419 దగ్గర. ఏమరుపాటున మంట పెరిగిందా, జింకు కరిగి కలిసిపోతుంది, కుండలో సీసం అడుగంటిన ఉప్మాలా ముద్ద కడుతుంది.

పెద్దాయన బాల్చీ ముందు ముక్కాలిపీట వేసుకుని కూర్చున్నాడు. ముక్క తీసి సిమెంటు నేల మీద వదిలాడు. దబ్బుమంది. సీసం. ఇంకోటి వదిలాడు. ఖంగుమంది. పక్కకు విసిరేశాడు. అనుమానమొస్తే కటింగ్ ప్లేయరుతో కొరికించేవాడు. సీసమైతే పన్ను దిగుతుంది, జింకైతే గీత పడి జారుతుంది. కాసేపటికి నా చెవి కూడా పదునెక్కింది. నేను "జింకు" అనేసరికి ఆయన తలెత్తి చూసి, ఇంకో పీట వేయించాడు.

ఓ మూల పాత కారు బ్యాటరీల గుట్ట ఉంది, మిగతావాటికన్నా చవక. వాటి వంక కూడా చూడలేదు. లోపల ఆసిడ్, ఆ పలకల్లో కలిపే లోహాలు కరిగిస్తే వచ్చే పొగ ప్రాణాంతకం. ఆయనకు ఈ విషయంలో మడి ఎక్కువ. పొయ్యి ఎప్పుడూ ఆరుబయటే, అక్కడ మంచినీళ్లు కూడా తాగడు, ఆ బూట్లతో ఇంట్లో అడుగుపెట్టడు. మనవలు వచ్చిన వారం పొయ్యే వెలగదు.

యార్డు మనిషి పౌండుకు డాలరున్నర చెప్పాడు. ఏరే కష్టం మాదే కదా అని పెద్దాయన డాలరుంబావుకు దించాడు. బేరం ముగిసింది అనుకుంటుండగా ఆ మనిషి బల్ల కింద నుంచి చెక్కపెట్టె ఒకటి లాగాడు. "ఇది మాత్రం రెండున్నర."

పెట్టె నిండా అచ్చు వరసలు. లైనోటైప్ యంత్రం పోసిన సీసపు కడ్డీలు, ఒక్కొక్కటి పత్రికలో ఒక్కో పంక్తి. నూటికి 84 పాళ్లు సీసం, 12 ఆంటిమొనీ, 4 తగరం. మెత్తని సీసంలో కొంచెం వేస్తే గుండు గట్టిపడుతుంది, అందుకే ఆ ధర. నేను ధర వినడం లేదు. మా నాన్న విజయవాడలో ఒక ప్రెస్సులో కంపోజిటరు. మన లిపికి ఒత్తులూ గుణింతాలూ కలిపి కేసులో వందల గళ్లు. నాన్న చూడకుండానే అక్షరం తీసేవాడు. ఆఫ్‌సెట్ వచ్చాక యజమాని ఆ అక్షరాలన్నీ గోనెసంచుల్లోకి ఒంపించి కిలోల లెక్కన అమ్మేశాడు. ఒంపింది నాన్నే. ఆ సంచులు ఎక్కడికి పోయాయో, ఏమయ్యాయో మేమెవరం అడగలేదు. అక్షరం వేసేదీ అచ్చే, గుండు పోసేదీ అచ్చే. ఆ మాట పెద్దాయనకు చెప్పాలని చూశాను గానీ ఇంగ్లీషులో దాని రుచి దిగలేదు.

పెట్టె కొన్నాం. పదకొండు పౌండ్లు.

లిచ్‌ఫీల్డ్ చేరేసరికి మధ్యాహ్నం దాటింది. సౌత్ స్ట్రీట్‌లో ఆలివర్ వుల్కాట్ ఇల్లు. ఇప్పటికీ జనం కాపురముంటున్నారు, రోడ్డు మీంచి చూడాల్సిందే. అమెరికా స్వాతంత్ర్య ప్రకటన మీద సంతకం చేసినవాళ్లలో వుల్కాట్ ఒకడు. 1776 జులై 9న న్యూయార్క్‌లో ఆ ప్రకటన చదివి వినిపించాక, జనం బౌలింగ్ గ్రీన్ మైదానంలోని బ్రిటన్ రాజు మూడో జార్జి విగ్రహాన్ని తాళ్లు కట్టి పడగొట్టారు. గుర్రమెక్కిన రాజు, పైన బంగారు పూత, లోపల సీసం, నాలుగు వేల పౌండ్లని అంచనా. ముక్కలు చేసి, పడవ మీద నార్వాక్ దాకా, అక్కడి నుంచి ఎడ్లబండ్ల మీద ఈ ఇంటికి తెచ్చారు. ఇంటివాళ్లూ ఇరుగుపొరుగువాళ్లూ కూర్చుని రాజును తూటాలుగా మార్చారు.

నాకు నచ్చింది వాళ్ల ఆవేశం కాదు, లెక్క. ఎవరు ఎన్ని చేశారో పేరుపేరునా రాసిపెట్టారు. రూత్ మార్విన్ 11,592. వుల్కాట్ కూతుళ్లు మేరీ యాన్ 10,790, లారా 8,378. కొడుకు ఫ్రెడెరిక్ 936. వాడికి అప్పటికి ఎనిమిదో తొమ్మిదో ఏళ్లు. అక్కయ్యల పక్కన పీటేసుకుని ఎన్నిసార్లు లేచి తోటలోకి పరుగెత్తి ఉంటాడో ఆ అంకెలోనే తెలుస్తోంది. మిగతావాళ్లవీ కలిపి మొత్తం 42,088.

పెద్దాయన వేళ్ల మీద లెక్క వేశాడు. పౌండుకు ఇరవై గుండ్లనుకుంటే 2,100 పౌండ్లు, పదహారే అనుకున్నా 2,600 పైచిలుకు. "మరి మిగతా సీసం?"

దారిలో విల్టన్ దగ్గర రాజభక్తులు కొన్ని ముక్కలు ఎత్తుకుపోయి దాచారంటారు. గుర్రం తోక 1871లో అక్కడి పొలంలో దొరికింది, ఇప్పుడు న్యూయార్క్ మ్యూజియంలో ఉంది.

"తుక్కు ఎప్పుడూ ఇంతే. బండెక్కినప్పటి బరువు కాటా మీద ఉండదు" అన్నాడాయన, నిన్న జరిగిన దొంగతనంలా చిరాకుపడుతూ.

ఊరి మధ్య పచ్చిక మీద బెంచీలో కూర్చుని శాండ్‌విచ్‌లు తిన్నాం, చేతులు మూడుసార్లు సబ్బుతో కడిగాకే. ఆ తరవాత ఆయన వ్యానులోంచి ఒక అచ్చు వరస తెచ్చాడు. "అద్దం ఉంటే బాగుండేది." నేను కడ్డీని తలకిందులు చేసి ఎడమ నుంచి చదివాను. నాన్న నేర్పిన పద్ధతి, భాష ఏదైనా అచ్చు అలాగే చదవాలి. చర్చిలో చిక్కుడు గింజల విందట, పిల్లలకు సగం ధర.

పెద్దాయన నోరు తెరిచి చూశాడు. కడ్డీ వెనక్కి తీసుకోబోయి ఆగాడు.

"మిగతావి కూడా చదివి పెడతావా? సోమవారం దాకా పొయ్యి ముట్టించను."

ఆదివారం పొద్దున, ఆ పెట్టె వంటింట్లో వద్దని ఇంట్లో హుకుం జారీ అయింది. గ్యారేజీలో పాత దుప్పటి పరిచి, చేతులకు తొడుగులు వేసుకుని పెట్టె తెరిచాను. రెండో వరసలో ఎవరిదో ఆవు తప్పిపోయింది.