ఓనరూ ఆయనే, మేనేజరూ ఆయనే
టెక్సాస్‌లో డల్లాస్ పక్కనున్న ఫ్రిస్కోకి వచ్చిన కొత్తలో నాకు ఫుట్‌బాల్ అంటే కాలితో ఆడేదే. ఇప్పుడు అమెరికన్ ఫుట్‌బాల్ పిచ్చి పట్టింది. ఏప్రిల్ వస్తే చాలు, మా డల్లాస్ టీమ్ కౌబాయ్స్ డ్రాఫ్ట్‌లో, అంటే టీమ్‌లు వంతులవారీగా కాలేజీ కుర్రాళ్లని ఎంచుకునే చోట, ఎవరిని తీసుకుంటారోనని టెన్షన్. "వాళ్లేమైనా మీకు జీతమిస్తున్నారా?" అంటుంది మా ఆవిడ.

నా గోల ఒకటే, డిఫెన్స్. 2021 డ్రాఫ్ట్‌లో 12వ పిక్‌తో (వంతుతో) తెచ్చుకున్న డిఫెండర్ మైకా పార్సన్స్‌ని 2025 ఆగస్టులో గ్రీన్ బే ప్యాకర్స్ టీమ్‌కి ఇచ్చేశారు. బదులుగా వచ్చింది కెన్నీ క్లార్క్ అనే ఇంకో డిఫెండర్, డ్రాఫ్ట్‌లో రెండు ఫస్ట్ రౌండ్ పిక్‌లు. కాగితం మీద బేరం బాగానే ఉంది. కానీ బంతి విసిరే క్వార్టర్‌బ్యాక్ మీదికి అలా దూసుకెళ్లే మనిషి ఏటా దొరుకుతాడా? బంతి పట్టే రిసీవర్ల హైలైట్స్ చూసి మురిసిపోకుండా ముందు అలా అంచు నుంచి దూసుకెళ్లే ఎడ్జ్ రషర్‌ని తేవాలి, ఆ తర్వాతే ఎవరైనా.

అసలు తంటా పైనుంది. జెర్రీ జోన్స్ 1989లో టీమ్ కొన్నారు. ఆటగాళ్లని ఎంచుకునే జనరల్ మేనేజరూ ఆయనే. మొదట్లో మూడు సూపర్ బౌల్స్, అంటే లీగ్ టైటిల్స్, వచ్చాయి, కాదనను. చివరిది 1996 జనవరిలో. ఆ తర్వాత కనీసం సూపర్ బౌల్‌కి ముందు మెట్టైన ఎన్‌ఎఫ్‌సీ ఫైనల్ దాకా కూడా వెళ్లలేదు. వేరే టీమ్‌లో అయితే ఇలాంటి మేనేజర్‌ని ఓనర్ ఎప్పుడో ఇంటికి పంపేవాడు. ఇక్కడ ఎవరు ఎవర్ని పంపాలి?

పార్సన్స్ వెళ్లిన గ్రీన్ బేకి ఒక్క ఓనర్ అంటూ లేడు. 5 లక్షలకు పైగా వాటాదారులు. ఆ షేర్లకు డివిడెండ్ రాదు, లాభానికి అమ్ముకోవడానికీ లేదు. అయినా అమ్మకానికి పెట్టినప్పుడు జనం ఎగబడి కొన్నారు. కౌబాయ్స్ పెడితే నేనూ కొంటానేమో, మా ఆవిడకి చెప్పకుండా.